యాకూబు చెయ్యి

రామబ్రహ్మం గారి కారును నరసరావుపేట తోలుకెళ్లింది నేనే. తోలుకెళ్లడమంటే ఎద్దులతో. ముందు బంపరుకి మోకు కట్టి, రెండు జతల ఎద్దుల్ని పూన్చి, కారంపూడి మీదుగా నడిపించాను. కారుకి ఎద్దుల్ని కడితే జనం నవ్వాలి. దారిలో ఎవరూ నవ్వలేదు. ఆ కారు కింద మా ఊరి చెన్నయ్య పోయాడని అప్పటికే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

స్టీరింగు దగ్గర యాకూబు కూర్చున్నాడు. రామబ్రహ్మం గారి డ్రైవరు అతనే. మాచర్ల మనిషి. మలుపొస్తే తిప్పుతున్నాడు, పల్లమొస్తే బ్రేకు తొక్కుతున్నాడు. అంతకుమించి పేట దగ్గరపడేదాకా నోరు మెదపలేదు. నేనూ మాటకారిని కాను.

మద్రాసులో ఒక దొర దేశం వదిలిపోతూ అమ్మిన కారు అది. అమెరికాలో చేసింది. దానికి క్లచ్చి లేదు. గేర్లు అదే మార్చుకునేది. స్టీరింగు కింద ఒక పుల్ల ఉండేది. న్యూట్రలు, మామూలుగా నడవడానికి డ్రైవు, ఎక్కుళ్లకి లో గేరు, ఆ చివర రివర్సు. లో గేరుకీ రివర్సుకీ మధ్య ఒక్క గంటు మాత్రమే ఎడం.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం యాకూబూ, రామబ్రహ్మం గారి పాలేరు చెన్నయ్యా మాచర్ల నుంచి ఆ కారులో వస్తున్నారు. నాగులేటి రేవులో నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. కారు నీళ్లు దాటి గట్టెక్కుతూ సగంలో ఆగింది. ఇంజను గట్టిగా అరిచింది గానీ కారు కదల్లేదు. చెన్నయ్య కిందికి దూకి, రాయి తీసుకుని వెనక చక్రం దగ్గరికి పోయాడు.

మా వైపు ఎక్కుడులో బండి ఆగితే వెనక నడిచేవాడు చక్రానికి రాయి పెడతాడు. అది నేర్పే పని కాదు, చూసి వచ్చే పని. రాయి సర్దేదాకా ఎద్దులు మెడలు బిగించి నిలబడతాయి. కారుకి ఎద్దులు లేవు. చెన్నయ్య వంగి రాయి పెడుతుండగా కారు వెనక్కి వచ్చింది.

రేవులో చాకలోళ్లు చూశారు. ఇంజను అరుస్తానే ఉంది, కారు వెనక్కి పోతానే ఉంది, అన్నారు. ఆ మాట ఊళ్లోకొచ్చేసరికి, యాకూబు రివర్సులో పెట్టి తొక్కాడు అయింది. మునసబు అట్టాగే రాశాడు. గురజాల పోలీసులు యాకూబుని పట్టుకుపోయారు. రామబ్రహ్మం గారు జామీను ఇచ్చి విడిపించారు గానీ, అతనితో మాట్లాడటం మానేశారు. కేసు వాయిదా పడింది. ఈలోపల కారు సంగతేందో తెలిసినవాడికి చూపించమన్నారు కోర్టువాళ్లు.

పేట ఇంకా కోసుడు దూరం ఉందనగా ఎద్దులకి నీళ్లు పెడుతుంటే యాకూబు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, బ్రేకు తొక్కా. నీళ్లలోంచి వచ్చింది గదా, తడిచింది, పట్టలా. అది నాకు తెలుసు."

"ఊఁ."

"పుల్ల డ్రైవులోంచి లో గేరులోకి లాగా. లాగినట్టే గుర్తు. అందరూ అంటంటే అంటంటే ఇప్పుడు ఇంకో గంటు దాటిందేమో అనిపిస్తంది. నా చెయ్యే, నాకు తెలీకుండా పోయింది."

ఎద్దు తల ఎత్తింది. మోకు సర్ది బయల్దేరాం.

నూర్ మొహమ్మదు షెడ్డు స్టేషను రోడ్డులో ఉంది. లారీలూ, మిల్లుల ఆయిలింజన్లూ బాగుచేసేవాడు. బయట నిలబడి మమ్మల్ని చూసి, "ఏంది పెద్దాయనా, పెట్రోలు కన్నా చిట్టు చవకని తోలుకొచ్చారా?" అన్నాడు. కారు దిగుతున్న యాకూబు మొహం చూసి ఆ నవ్వు ఆపేశాడు. సంగతంతా విన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇట్టాంటి గేరుపెట్టె ఒక్కసారి చూశా. యుద్ధంలో, రాంచీ కాడ మిలిటరీ షెడ్డులో. తెల్లోళ్లు విప్పుతుంటే పక్కన నిలబడి దీపం పట్టుకున్నా. చెయ్యి పెట్టనీలా."

"అయితే చెయ్యలేవా?" అన్నాను.

"చెయ్యలేనని ఎందుకంటా. తెలీదంటున్నా. తెలీదని తెలిసి చేస్తే కొంప ముంచం."

తనకి తెలిసింది మాత్రం చెప్పాడు. క్లచ్చి లేకపోవడం కాదు, లోపలే ఉందట. మన కాలు తొక్కే పని అందులో ఆయిలు చేస్తుంది. ఒక పంపు ఆయిల్ని తోడి తోస్తుంది. ఆ తోపుడు గట్టిగా ఉన్నంతసేపూ లోపలి పట్టీలు బిగిసి చక్రాల్ని తిప్పుతాయి. తోపుడు తగ్గితే పట్టీలు జారతాయి. ఇంజను ఎంత తిరిగినా ఆ తిరుగుడు చక్రాల దాకా రాదు.

"తోపుడు ఎంతుందో చూస్తే సగం తెలుస్తది," అన్నాడు.

చూడటానికి కొలత కావాలి. బియ్యం మిల్లుకి పోయి అక్కడి ఇంజనుకున్న ఆయిలు మీటరు విప్పించుకొచ్చాడు. పిడికిలంత గుండ్రటి డబ్బీ, అద్దం వెనక ముల్లు. మిల్లాయన తిట్టుకుంటూ కూడా వచ్చి, తన మీటరు పోకుండా కాపలా అన్నట్టు గుమ్మంలో కూర్చున్నాడు. వెనక చక్రాలు నేలకి తగలకుండా కారుని మొద్దుల మీదికి ఎత్తాం. పెట్టె పక్కన ఒక మర బిరడా తీసి, అక్కడ రాగి గొట్టం బిగించి, గొట్టం చివర మీటరు పెట్టాడు నూర్ మొహమ్మదు.

"స్టార్టు చెయ్యి."

యాకూబు స్టార్టు చేశాడు. ముల్లు లేచింది. తడబడకుండా పైకిపోయి నిలబడింది. డ్రైవులో పెట్టమన్నాడు, చక్రాలు తిరిగినై. లో గేరన్నాడు, తిరిగినై. రివర్సన్నాడు, వెనక్కి తిరిగినై. ముల్లు ఉన్నచోటే ఉంది.

"తోపుడు బాగానే ఉందే," అన్నాడు నూర్ మొహమ్మదు.

యాకూబు ఇంజను ఆపి దిగాడు. మెల్లిగా పోయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది వేరేవాళ్లదయినట్టు చూశాడు.

"అయితే నా చెయ్యే," అన్నాడు.

మిల్లాయన లేచాడు. "తేలిపోయిందిగా. ఇక నా మీటరు ఇచ్చెయ్యండి."

"నీ మీటరు నేనేమన్నా మింగుతానా, కూర్చో మావా," అన్నాడు నూర్ మొహమ్మదు. తర్వాత యాకూబుతో, "ఆ రోజు రేవుకి వచ్చేసరికి కారు ఎంత దూరం నడిచింది?"

"మాచర్ల నించి."

"ఎండా?"

"మంచి ఎండ."

"మరి ఇప్పుడు నీడలో కూర్చోబెట్టి, పొద్దుటినించీ చల్లగా ఉన్నదాన్ని చూస్తే ఏం తెలుస్తది? జొరం వచ్చి తగ్గినాక నాడి చూసినట్టు. ఎక్కు."

కారుని అట్టాగే మొద్దుల మీద నడిపించాడు. చక్రాలు గాల్లో ఊరికే తిరక్కుండా బ్రేకు కొంచెం తొక్కిపట్టమన్నాడు, గట్టెక్కే కారుకి ఉన్నంత బరువు తగలాలని. షెడ్డంతా పొగ. నా ఎద్దులు దూరంగా జరిగినై. ముల్లు చానాసేపు కదల్లేదు. యాకూబు దాన్ని చూడలేక ముందున్న గోడకేసి చూస్తున్నాడు. నేను ముల్లునే చూస్తున్నాను. మొదట అది వణికింది. తర్వాత వెంట్రుకవాసి దిగింది. నా కళ్లదే తప్పనుకున్నా. ఆ తర్వాత, బావిలోకి దిగేవాడు మెట్టు మెట్టుకీ ఆగినట్టు, ఆగి ఆగి దిగడం మొదలుపెట్టింది.

"లో గేరు," అన్నాడు నూర్ మొహమ్మదు.

ఇంజను ఒక్కసారి అరిచింది. చక్రాలు రెండు చుట్లు తిరిగి, తూలి, ఆగిపోయినై. ఇంజను అరుస్తానే ఉంది. గుమ్మంలో మిల్లాయన లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు రివర్సులో పెట్టు. బ్రేకు వదిలెయ్యి."

యాకూబు పెట్టలేదు. చెయ్యి పుల్ల మీద ఉంది, కదలడం లేదు.

"పెట్టవయ్యా. ఇంతదూరం వచ్చింది దీనికే గదా."

పెట్టాడు. నూర్ మొహమ్మదు వెనక్కి పోయి చక్రం పక్కన గొంతుకూర్చుని టైరు మీద అరచెయ్యి ఆనించాడు.

"తొక్కు."

తొక్కాడు.

"అంతేనా? బాగా తొక్కు."

షెడ్డు రేకులు అదిరినై. టైరు ఆ చేతి కింద కదలకుండా ఉంది. అతను బలంగా పట్టుకోలేదు కూడా. దూడ వీపు మీద చెయ్యి వేసినట్టు వేసి ఉంచాడు. తర్వాత లేచి ఇంజను ఆపమని సైగ చేశాడు.

"చూశావుగా. పూర్తిగా రివర్సులో ఉంది. ఇంజను ఉన్నబలమంతా పెట్టి అరిచింది. దాన్ని ఆపటానికి నా ఒక చెయ్యి సరిపోయింది. ఆ రోజు నువ్వు లో గేరులో పెట్టావో రివర్సులో పెట్టావో నాకు తెలీదు. నీకూ తెలీదు. ఎందులో పెట్టినా ఆ కారు నీ చేతి కింద లేదు. గట్టు మీద దాని బరువుకి అది జారింది."

ఇంజను ఆగినాక కూడా యాకూబు చానాసేపు ఆ పుల్ల మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మిల్లాయన తన మీటరు సంగతి ఎత్తకుండా బయటికి పోయి, కాసేపటికి టీ పట్టించుకొచ్చాడు.

ఇక తోపుడు ఎందుకు తగ్గిందో చూడాలి.

పెట్టె కింద బిరడా విప్పి వేడి ఆయిలు బేసినులోకి దించాడు. నల్లగా ఉంది. నూర్ మొహమ్మదు వేళ్ల మధ్య రుద్ది, "పట్టీలు మాడి పొడయినట్టుంది" అన్నాడు. నాకు వాసన తగిలింది. వంగి ముక్కు దగ్గర పెట్టుకు చూశాను.

"ఆముదం," అన్నాను.

"కారులో ఆముదమేంది?"

"ఉత్త ఆముదం కాదు. కందెన."

అతను పేటలో పుట్టినవాడు, బండి తోలినవాడు కాదు. ఎండుగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి బండి ఇరుసుకి పెడతాం. అదే కందెన. చెక్కకీ ఇనుముకీ మధ్య అంత మంచిది లేదు. ఇరుసు కీచుమంటే పెట్టకుండా వదిలేసిన రైతుని నలుగురూ మాటంటారు.

యాకూబు కారులోకి పోయి ముందు సీటు కింది తివాచీ ఎత్తాడు. పెట్టెలో ఆయిలు పోసే మూత అక్కడ ఉంటుంది. తివాచీ కింద ఉంటుంది గనక ఎవరికీ కనపడదు. మూత మీద పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు.

"దసరాకి," అన్నాడు యాకూబు.

ఆ యేడు దసరా, బక్రీదు పక్కపక్కనే పడినై. యాకూబు పండక్కి మాచర్ల పోయాడు. రామబ్రహ్మం గారింట్లో దసరానాడు చక్రమున్న ప్రతిదానికీ కందెన పెట్టి పసుపూ కుంకుమా పెట్టడం చెన్నయ్య పని. అతని తండ్రీ ఆ ఇంట్లో అదే చేశాడు. బళ్లన్నిటికీ పెట్టుకుంటూ కారు దగ్గరికొచ్చి ఉంటాడు. యాకూబు ఆ మూత తీసి ఆయిలు పోస్తుంటే ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసినవాడే. కారు ఇరుసు తాగేది అక్కడేనని అనుకున్నాడు. కందెన ముద్దగా ఉంటే దిగదని ఇంకాస్త ఆముదం కలిపి పల్చగా చేసి పోసి ఉంటాడు. పోసి, మూత బిగించి, బొట్టు పెట్టాడు.

"పండగ నించీ ఎక్కుళ్లలో బద్ధకంగా ఉంది," అన్నాడు యాకూబు. "పెట్రోలు కల్తీ అనుకున్నా. ఆయిలు కొలిచే పుల్ల దించి చూశా. నిండుగా ఉంది. నిండుగా ఉంటే ఇంకేం చూస్తాం?"

నూర్ మొహమ్మదు కింది రేకు దించాడు. లోపల పంపుకి ఆయిలు అందే చోట సన్నటి జల్లెడ ఉంది. దాని మీద మసి మెత్తినట్టు పేరుకుంది. పంపు పక్కన ఒక గొట్టంలో బొటనవేలంత ఇనప దిమ్మ, వెనక స్ప్రింగు. తోపుడు ఎక్కువైతే అది వెనక్కి జరిగి కొంత ఆయిల్ని వదిలేసి, మళ్లీ ముందుకొచ్చి మూసుకోవాలి. నూర్ మొహమ్మదు ఆ గొట్టాన్ని తలకిందులు చేశాడు. దిమ్మ పడలేదు. చెక్కతో తట్టాడు. పడలేదు. జిగట పట్టి, సగం తెరుచుకునే ఇరుక్కుపోయింది.

"చల్లగా ఉన్నప్పుడు ఆముదం చిక్కన, అందుకని ముల్లు లేచింది. వేడెక్కితే పల్చబడి ఈ కంతలోంచి ఊరికే కారిపోతంది. మసి కూడా కదిలి జల్లెడని మూస్తంది. ఇక పంపు దేన్ని తోస్తది?"

గరుకు కాగితం పెట్టి రుద్దితే సరి గదా అన్నాను. వద్దన్నాడు. వెంట్రుకంత అరిగినా ఇక ఎప్పటికీ కారుతూనే ఉంటుందట. కిరసనాయిల్లో నానబెట్టి, పాత ధోవతి గుడ్డతో తుడిచి, మళ్లీ నానబెట్టి, మళ్లీ తుడిచాడు. పెట్టెలో చెయ్యి పట్టే చోటల్లా కడిగాడు. యాకూబు జల్లెడ పట్టుకుని ఒక్కొక్క కన్నూ పిన్నీసుతో పొడుస్తూ కూర్చున్నాడు. ఆ మసి గుడ్డకి అంటినప్పుడల్లా నాకు చెన్నయ్య వేళ్లు గుర్తొచ్చినై. అతని గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండే నలుపు అదే.

చివరికి గొట్టాన్ని వంచితే దిమ్మ దాని బరువుకి అదే జారి నూర్ మొహమ్మదు అరచేతిలో పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ వంచాడు. మళ్లీ పడింది.

గుంటూరు నుంచి లారీలో సన్నటి ఆయిలు తెప్పించి పోశాం. మీటరు పెట్టి, వేడెక్కేదాకా నడిపాం. ముల్లు దిగలేదు. రివర్సులో పెట్టినప్పుడు ఈసారి నూర్ మొహమ్మదు టైరు మీద చెయ్యి వెయ్యలేదు.

కబురందుకుని రామబ్రహ్మం గారు బస్సులో వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. తెల్లటి పంచె మసి కాకుండా ఎత్తిపట్టుకుని నిలబడి అంతా విన్నారు. మూత మీద బొట్టు చూశారు.

"అంటే చెన్నయ్య చేతులారా చేసుకున్నదేగా," అన్నారు. ఆ మాటతో ఆయనకి బరువు దిగినట్టయింది. "కోర్టులో అట్టాగే చెప్పండి. యాకూబు తప్పు లేదు, నా తప్పూ లేదు. అడక్కుండా వాణ్ణెవరు పొయ్యమన్నారు?"

యాకూబు నేల చూపులు చూస్తున్నాడు. నూర్ మొహమ్మదు చేతులు తుడుచుకుంటున్నాడు. నేను ఎద్దుల కాడికి పోబోయి ఆగాను.

"చెన్నయ్య అడక్కుండా ఏ పనీ చెయ్యడు గదండీ," అన్నాను.

ఆయన నావైపు చూశారు. తర్వాత కారు వైపు. కొంచెంసేపటికి పంచె అంచు చేతిలోంచి వదిలేశారు. అది నేల మీద మసిలో పడింది.

"దసరానాడు వాకిట్లో నిలబడి అడిగాడు," అన్నారు. "కారుకి కూడానా అయ్యా అని. చక్రమున్న దేన్నీ వదలొద్దురా, ఏడాదికోసారి వచ్చే పండగ అన్నా. వాడు అడిగాడు. నేనే చెప్పా."

ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు మారలేదు. కానీ నిలబడటానికి చోటు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశారు. మిల్లాయన తన స్టూలు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"చెన్నయ్య పెళ్లాంతో నేను చెప్తాలే," అన్నారు.

"మీరు చెప్తే అది మీ మాట అవుద్దండీ," అన్నాడు యాకూబు. "నేను చెప్పాలి. ఆమె తిడుతున్నది నన్ను."

ఆ తర్వాత గురజాల కోర్టులో నూర్ మొహమ్మదు తను చూసింది చెప్పాడు. రామబ్రహ్మం గారు కూడా పోయి, పొయ్యమన్నది తనేనని చెప్పారు. కేసు కొట్టేశారు. అది తర్వాత సంగతి.

ఊరికొచ్చిన రోజు యాకూబు కారుని రేవు అవతలే ఆపి, నాతో నడిచి చెన్నయ్య ఇంటికొచ్చాడు. చెన్నయ్య పెళ్లాం రామలక్ష్మి వాకిట్లో ఉంది. పత్తి ఏరేందుకు పోతూ ఒడిగుడ్డ కట్టుకుంటోంది. అతన్ని చూసి చేతులు ఆగినై. మొహం తిప్పుకోలేదు.

యాకూబు కింద కూర్చున్నాడు. దాచకుండా, మొదట్నించీ చెప్పాడు. కారులో ఆయిలు ఏం చేస్తదో, ముల్లు ఎట్టా దిగిందో, కందెన ఎట్టా దొరికిందో. చెన్నయ్య అడిగాడనీ, అయ్యగారు వదలొద్దన్నారనీ. ఆమె మధ్యలో ఒక్క మాట అడగలేదు.

"మసి నేనే కాల్చా," అంది. "ఆముదం చాలకపోతే దీపానికి పెట్టుకుంది తీసిచ్చా. పెద్దబండి, చానా తాగుద్దే, అన్నాడు."

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

"నువ్వు చెప్పకపోతే నిన్ను తిట్టుకుంటా బతికేదాన్ని," అంది యాకూబుతో. "రోజూ పొద్దున లేచి తిట్టుకుంటే కాస్త పొద్దు జరిగేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమంటావు?"

యాకూబు తల వంచుకున్నాడు. "నన్నే తిట్టక్కా. నాకు అలవాటయింది."

ఆమె నవ్వలేదు. ఒడిగుడ్డ ముడి మళ్లీ విప్పి, మళ్లీ గట్టిగా వేసుకుంది. అతను తోవలో కూర్చున్నాడు. ఆమె అతని చుట్టూ తిరిగి పోవచ్చు, పోలేదు. అక్కడే నిలబడింది.

"లే," అంది. "పొద్దెక్కుతోంది. నే పోవాలి."

అతను లేచి పక్కకి జరిగాడు. ఆమె చేను వైపు పోయింది.